పదికి ఎక్కడేస్తున్నారు?

తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాటి నుంచి ఊళ్లో ఒకటే ప్రశ్న. "మీవాణ్ణి పదికి ఎక్కడేస్తున్నారు?" రచ్చబండ దగ్గర ఇదే, టీ కొట్టు దగ్గర ఇదే, పెళ్లి భోజనాల బంతిలోనూ ఇదే. "ఉన్న బళ్లోనే చదువుతాడండీ" అన్న తల్లిదండ్రుల్ని జనం జాలిగా చూస్తారు. పిల్లాడి మీద ప్రేమ లేక, డబ్బుకు వెనకాడి అలా అంటున్నారని చాటున అనుకుంటారు. నలుగురూ అలా చూస్తుంటే ఏ తండ్రి తట్టుకుంటాడు? వారం తిరక్కుండా ఎక్కడో అప్పు తెచ్చి పట్నంలో ఏదో ఒక హాస్టల్ బడికి అడ్వాన్సు కట్టి వస్తాడు. పల్నాడు పల్లెల్లో పిల్లలకు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైన వాణ్ణి. ఏటేటా ఈ తంతు చూసి ఒళ్లు మండి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా రోజుల్లో పిల్లలు హాస్టళ్లకు వెళ్లలేదా? వెళ్లారు. కానీ ఎందుకు వెళ్లారు? ఊళ్లో బడి ఐదో తరగతితో ఆగిపోయేది. పై చదువు కావాలంటే తాలూకా కేంద్రానికి పోవాలి. బస్సు లేదు, ఉన్నా రోజూ టికెట్టుకు డబ్బుల్లేవు. కొందరు ఏడు రోజులకు ఏడిళ్లు చూసుకుని వారాలు చేసి చదివారు. కొందరు కులసంఘాల వసతి గృహాల్లో, ఇంకొందరు సర్కారు సంక్షేమ హాస్టళ్లలో తలదాచుకున్నారు. నలుగురు కుర్రాళ్లు కలిసి గది తీసుకుని, కిరసనాయిలు స్టవ్వు మీద గంజి వార్చుకుని బడికి పోయేవాళ్లు. శనివారం సాయంత్రం ఊరికి నడిచి వచ్చి, ఆదివారం రాత్రికి మళ్లీ బియ్యం మూట, పచ్చడి జాడీ నెత్తిన పెట్టుకుని బయల్దేరేవాళ్లు. బడి దూరమైంది కాబట్టి ఇల్లు వదిలారు. గుమ్మం ముందు బడి పెట్టుకుని ఎవరూ ఇల్లు వదల్లేదు.

తర్వాత గురుకులాలొచ్చాయి. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1971లో, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటిది తెరిచారు. మరుసటి ఏడాది కోస్తాకు గుంటూరు జిల్లా తాడికొండలో, సీమకు అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో ఇంకో రెండు వచ్చాయి. అక్కడ సీటు రావడమంటే ఆ రోజుల్లో ఊరంతటికీ గొప్ప. చదువు, తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ సర్కారువే. దరఖాస్తు తండ్రి నింపేవాడు కాదు, ఆయనకు చదువు వస్తేగా! బడి పంతులే దగ్గర కూర్చుని నింపి, పోస్టు చేసి, హాల్ టికెట్టు వచ్చాక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని పరీక్షకు తీసుకెళ్లేవాడు. డబ్బున్నవాడి కొడుకైనా, కూలివాడి కొడుకైనా ఆ పరీక్ష దాటితేనే లోపలికి. తెలంగాణ డీజీపీగా పనిచేసిన మహేందర్‌రెడ్డి చదివింది సర్వేల్ గురుకులంలోనే. అలా పల్లెల నుంచి వచ్చి పెద్ద పదవులకెక్కినవాళ్లు ఆ మూడు బళ్ల నుంచీ ఉన్నారు.

ఆ దారిలోనే నవోదయలు వచ్చాయి. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో మొదలై, మన జిల్లాలకూ విస్తరించాయి. అందులో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు అంతకు చాలా ముందే, 1962లోనే వచ్చింది. ఇవన్నీ పిల్లాడి తెలివిని చూసి తలుపు తీసిన బళ్లు.

ఇప్పుడు చూడండి. బడి పిల్లాణ్ణి వెతకడం మానేసి తండ్రి జేబును వెతుకుతోంది. ఫిబ్రవరి నాటికే పీఆర్వో అనే కుర్రాడు మోటారు సైకిలు మీద ఊళ్లోకి దిగుతాడు. వాడి చేతిలో తొమ్మిది చదివే ప్రతి పిల్లాడి పేరూ, తండ్రి ఫోన్ నంబరూ ఉంటాయి. ఇవి వాడికెలా వచ్చాయని అడిగిన తండ్రిని నేను చూళ్లేదు. "మీవాడికి స్కాలర్‌షిప్ టెస్టు పెడతామండీ" అంటాడు. ఆ టెస్టులో ఎవరూ తప్పరు. అందరికీ ఎంతో కొంత రాయితీ వస్తుంది. ముందే పెంచి చెప్పిన ఫీజులోంచి కొంత తగ్గించి దానికి ప్రతిభ అని పేరు పెడతారు. "ఈ నెలాఖరులోగా సీటు బుక్ చేసుకుంటేనే ఈ రేటు" అని తొందర పెడతాడు. ఎడ్లు కొనడానికి సంతకు పోయినా నాలుగు చోట్ల పళ్లు పట్టి చూసే రైతు, కొడుకును ఏడాదిపాటు అప్పగించే చోటును కాగితం మీది రంగుల బొమ్మ చూసి ఖాయం చేసుకుంటున్నాడు. కడుపు మండదా మరి?

అసలు పదో తరగతికని కొత్తగా బడి వెతుక్కునే వాళ్లకు ఏ తలుపులు తెరిచి ఉన్నాయో ఎవరైనా చెబుతున్నారా? నవోదయలో ఆరో తరగతికి తీసుకుంటారు, ఖాళీలుంటే తొమ్మిదికి, పదకొండుకు తీసుకుంటారు. పదికి తీసుకోరు. సైనిక్ స్కూళ్లలో ఆరుకు, తొమ్మిదికి పరీక్ష ఉంటుంది, పదికి లేదు. సర్కారు గురుకులాల్లో ఐదో తరగతే ప్రధాన ద్వారం, పై తరగతుల్లో మిగిలిన ఖాళీలకే మళ్లీ పరీక్ష. సీబీఎస్‌ఈ బడుల్లో తొమ్మిదిలోనే పిల్లాడి పేరు బోర్డు దగ్గర నమోదవుతుంది. పదిలో కొత్తగా చేరాలంటే తండ్రి ఉద్యోగం బదిలీ లాంటి గట్టి కారణం చూపాలి, కాగితాలు పెట్టాలి, బోర్డు ఒప్పుకోవాలి. ఇక మిగిలిందేమిటి? రాష్ట్ర సిలబస్‌లో నడిచే ప్రైవేటు హాస్టల్ బడి. మంచి బళ్లన్నీ ముందే తలుపులు మూశాక, డబ్బుతో తెరుచుకునేది అదొక్కటే. ఈ సంగతి తెలిసిన తండ్రి ఐదులోనో, ఎనిమిదిలోనో ఆలోచిస్తాడు. తెలియని తండ్రి తొమ్మిది అయ్యాక పరుగెత్తి పీఆర్వో చేతికి చిక్కుతాడు. సర్కారు కూడా ఇక్కడ చేతులు కట్టుకునే ఉంది. చేర్చుకోవడానికి పిల్లలకు పరీక్షలు పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పిన మాట ఎనిమిదో తరగతి దాకానే. అది దాటినవాణ్ణి ఎవరికిష్టమొచ్చినట్టు వాళ్లు ఏరుకోవచ్చు.

ఇంతకీ పదిలోనే ఎందుకు కదలకూడదంటున్నాను? చెట్టు పూతకొచ్చిన వేళ వేళ్లతో పెకిలించి వేరే మడిలో నాటితే ఏమవుతుందో రైతుకు చెప్పాలా? పిల్లాడి చేతిరాత ఎక్కడ తడబడుతుందో, లెక్కల్లో ఏ మెట్టు దాటేస్తాడో, ఇంగ్లీషులో ఏ మాటకు బెదురుతాడో ఉన్న బడి మాస్టారికి తెలుసు. ఆ తెలుసుకోవడానికి ఆయనకు రెండు మూడేళ్లు పట్టింది. కొత్త చోట వంద మంది ఉన్న సెక్షన్‌లో వీడి పేరు సార్లకు తెలిసేసరికి దసరా వస్తుంది. సంక్రాంతి తర్వాత ఇక పాఠాలే ఉండవు, రివిజన్ పరీక్షలే. అంటే వాణ్ణి ఎరిగిన మాస్టారు వాడికి దొరికేది మూడు నెలలు. దానికి లక్షలు కట్టాలా?

ఇంకో సంగతి. ఈ పరుగంతా మార్కుల కోసమే అంటారు కదా, ఆ పది మార్కులతో తర్వాత ఏమొస్తుందో ఎప్పుడైనా లెక్క వేశారా? ఇంజినీరింగు, మెడిసిన్ ర్యాంకుల్లో పదో తరగతి మార్కులు కలవవు. పాలిటెక్నిక్‌కు పాలీసెట్ రాయాలి. నాగార్జునసాగర్ లాంటి గురుకుల జూనియర్ కాలేజీకి పోవాలన్నా వేరే ప్రవేశ పరీక్షే. పది మార్కులు నేరుగా తలుపు తీసే పెద్ద చదువు 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలు. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో సీట్లు పది మార్కులను బట్టే ఇస్తారు. అక్కడ కూడా హాస్టల్ లేని సర్కారు బడిలో చదివిన పిల్లలకు వెనుకబాటు స్కోరు అని కలుపుతారు. గ్రేడ్ల రోజుల్లో అది 0.4 పాయింట్లు. ఒక్కో పాయింటుకు ఎంత పోటీ ఉంటుందో తెలిసినవాళ్లకు అదెంత పెద్ద సాయమో అర్థమవుతుంది. సర్కారు బడిలో చదివే పిల్లాణ్ణి పదికి తీసుకెళ్లి ప్రైవేటు హాస్టల్లో వేసిన తండ్రి, డబ్బు కట్టి మరీ కొడుక్కి రావాల్సిన ఆ హక్కును పోగొడుతున్నాడు. ఈ మాట పీఆర్వో చెప్పడు.

ఒక జూన్ నెలలో జరిగింది చెబుతాను. బడి తెరిచిన వారానికి ఒక మిర్చి రైతు నా గదికి వచ్చాడు.

"సార్, మావాడి టీసీ ఇప్పించండి. పట్నంలో కట్టేశాం."

"ఎంత కట్టావయ్యా?"

"ఈ ఏడు కాయలమ్మిన డబ్బంతా సార్. ఇంకా సగం దసరాకు కట్టాలంట."

"మరి వాడేమంటున్నాడు?"

"వాణ్ణి అడిగేదేముంది సార్, చిన్నపిల్లోడు. వాడి మంచికే కదా."

ఆ చిన్నపిల్లోడు గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో సైన్సు రికార్డు పుస్తకం ఉంది. బొమ్మలు వేయడంలో వాడికి సాటి ఆ బడిలో లేడు. గుండె గదులు, రక్తనాళాలు వేసి ఎరుపు, నీలం పెన్సిళ్లతో నింపితే అచ్చు పుస్తకంలో బొమ్మ కంటే బాగుండేది. మా సైన్సు మేడమ్ ఆ పేజీలను మిగతా తరగతుల్లో చూపించేది. నేను టీసీ మీద సంతకం పెడుతుంటే వాడు మెల్లగా దగ్గరికొచ్చి అడిగాడు. "సార్, రికార్డు కూడా ఇచ్చేయాలా?" ఉంచుకోరా అన్నాను. కొత్త బడిలో దాన్ని ఎవరూ తెరిచి చూడలేదట. అక్కడ బొమ్మలకు టైము లేదు, వారం వారం పెట్టే పరీక్షల్లో బిట్లకే టైము.

దసరా సెలవులకు వచ్చినవాడు తిరిగి వెళ్లనని భీష్మించుకున్నాడు. తండ్రి తిట్టాడు, తల్లి బతిమాలింది, వాడు వినలేదు. కట్టిన ఫీజులో పైసా తిరిగి రాలేదు సరికదా, టీసీ కావాలంటే మిగిలిన సగమూ కట్టి తీసుకెళ్లమన్నారు ఆ బడివాళ్లు. ఆ రైతు మళ్లీ అప్పు చేసి కట్టాడు. వాణ్ణి మళ్లీ మా బడిలో చేర్చుకున్నాం. పాసయ్యాడు. కానీ వాడి చేతిలోంచి పోయిన ఆ నెలల్ని ఎవరిస్తారు? ఆ తండ్రి నెత్తిన పడిన వడ్డీ ఎవరు కడతారు?

అలాంటి చోట పిల్లలు ఎలా ఉంటారో కాస్త దగ్గరగా చూడండి. తెల్లవారుజామున ఐదింటికి లేపుతారు. స్నానానికి వరస, టిఫినుకు వరస. ఆరింటికల్లా స్టడీ అవర్. పగలంతా తరగతులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, రాత్రి పదింటి దాకా. మార్కులను బట్టి సెక్షన్లు. ఒక పరీక్షలో తగ్గితే కింది సెక్షన్‌కు దించుతారు, స్నేహితుడు ఒక గదిలో, వీడు ఇంకో గదిలో. ఆడుకోవడానికి జాగా ఉండదు, ఉన్నా బెల్లు మోగే లోపే ఆట అయిపోవాలి. ఫోన్ వారానికొకసారి, వెనక వరసలో ఇంకో ఇరవై మంది నిలబడి వింటుండగా. "బాగున్నావా నాన్నా?" అని తల్లి అడిగితే "బాగున్నానమ్మా" అనడం తప్ప ఆ పిల్లాడు ఇంకేం చెప్పగలడు? మా రోజుల్లో ఇన్‌లాండ్ లెటర్ రాసేవాళ్లం. చేరడానికి నాలుగు రోజులు పట్టినా అందులో మనసు విప్పి రాసుకునే చోటు ఉండేది. చారు నీళ్లలా ఉందనీ, ఫలానా వాడు కొట్టాడనీ, అమ్మ గుర్తొచ్చిందనీ రాసేవాళ్లం.

మా హాస్టళ్లు స్వర్గాలని నేను అనను. పురుగుల బియ్యం, పలచని సాంబారు, చలికాలం చన్నీళ్లు, దుప్పటి చాలక ఇద్దరు కలిసి పడుకోవడం, అన్నీ ఉన్నాయి. అయితే ఆ కష్టం అందరిదీ ఒకటే. ఆకలి వేస్తే పది మందికీ వేసేది. సాయంత్రం నాలుగు దాటితే పుస్తకం మూసి బావి దగ్గరకో, మైదానానికో పోయేవాళ్లం. ఇప్పుడు పిల్లాడికి తిండి ఉంది, ఫ్యాను ఉంది, మంచం ఉంది. పక్కవాడు స్నేహితుడు కాకుండా పోయాడు. వాడికంటే ఒక మార్కు ఎక్కువ తెచ్చుకోవాల్సిన మనిషిగా మిగిలాడు.

ఈ ఒత్తిడి సంగతి పెద్దలకు తెలియక కాదు. ఇంటర్ విద్యార్థుల చావుల మీద 2001లోనే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నీరదారెడ్డి కమిటీ వేసింది. పదో తరగతి ర్యాంకులను టీవీల్లో, పేపర్లలో ఊదరగొట్టే ప్రకటనలను 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ ఇంటర్‌లో మొదలైన ఆ పద్ధతి పదికి దిగింది, పది నుంచి ఆరుకు దిగింది. ఫౌండేషన్ అని, ఒలింపియాడ్ అని పేర్లు మార్చుకుని పాలబుగ్గల పిల్లల దాకా వచ్చింది. దిగకుండా ఆపాల్సినవాళ్లు చూస్తూ ఊరుకున్నారు. ఈ మాట అనకుండా ఉండలేను.

ఇప్పటి కాలంలో మంచి ఏమీ లేదా అంటే, ఉంది. ఆడపిల్లల సంగతి. మా రోజుల్లో ఏడో తరగతి కాగానే ఆడపిల్లకు పుస్తకాలు మూయించి పెళ్లి చూపులకు కూర్చోబెట్టేవాళ్లు. నాతో చదివిన ఆడపిల్లల్లో పదో తరగతి దాకా వచ్చినవాళ్లు లేనట్టే లెక్క. సంక్షేమ గురుకులాల కోసం ఎస్.ఆర్.శంకరన్ లాంటి అధికారులు పట్టుబట్టి పనిచేశారు. తర్వాత 2004లో కస్తూర్బా బాలికా విద్యాలయాలొచ్చాయి. పనుల కోసం అమ్మానాన్నలు వలస పోయినా, ఇంట్లో పెళ్లి గొడవ మొదలైనా ఆడపిల్ల చదువు ఆగని చోట్లు అవి. సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, ఇంకా పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. అలాంటి హాస్టళ్లు ఇంకా కావాలి, వాటికి మంచి వంటగదులు, సరిపడా మరుగుదొడ్లు, సరైన వార్డెన్లు కావాలి. ఇల్లు వదిలితేనే చదువు సాగే పిల్లకు హాస్టల్ ప్రాణం. ఇంట్లో ఉండి హాయిగా చదువుకునే పిల్లకు పదో తరగతిలో అది శిక్ష. ఈ రెంటికీ తేడా తెలియకుండా అందరినీ ఒకే బస్సెక్కించడం మీదే నా కోపం.

తప్పక పంపాల్సినవాళ్లూ ఉంటారు. ఊళ్లో బడి మూతపడి ఉంటుంది, తల్లి మంచాన పడి ఉంటుంది, తండ్రికి మరో రాష్ట్రంలో పని దొరికి ఉంటుంది. వాళ్లకు నాలుగు మాటలు. ముందు పిల్లనో పిల్లాణ్ణో కూర్చోబెట్టి అడగండి, వద్దంటే ఎందుకో వినండి. డబ్బు కట్టకముందు చెప్పాపెట్టకుండా వెళ్లి వంటగది చూడండి, మరుగుదొడ్లు చూడండి, రాత్రి ఆ అంతస్తులో ఏ పెద్దమనిషి ఉంటాడో పేరు అడగండి. పదో తరగతికి లెక్కలెవరు చెబుతారు, సైన్సెవరు చెబుతారు, వాళ్లు ఆ బడిలో ఎన్నేళ్ల నుంచి ఉన్నారు, అదీ అడగండి. మధ్యలో పిల్లాడు వచ్చేస్తే ఫీజులో ఎంత తిరిగిస్తారో, టీసీ ఆపుతారో ఆపరో రాయించుకోండి. వీటికి జవాబు చెప్పడానికి నసిగే బడిలో పిల్లాణ్ణి వేయకండి. పంపేటప్పుడు 1098 అనే చైల్డ్‌లైన్ నంబరు, మనసు బాగోకపోతే మాట్లాడే టెలీ మానస్ 14416 నంబరు ఆ పిల్లల చేత కంఠతా పట్టించండి. మాకు ఆ రోజుల్లో అవి లేవు. ఇప్పుడున్నాయి, వాడుకోండి.

ఇక మిగతావాళ్లకు ఒకటే చెబుతాను. జూన్‌లో బడి తెరిచాక పిల్లాణ్ణి ఉన్న బడికే పంపండి. పీఆర్వోకు ఇవ్వాలనుకున్న డబ్బులో నాలుగో వంతు పెట్టి ఇంట్లో ఒక బల్ల, మంచి దీపం, అవసరమైతే లెక్కలకు ఊళ్లోనే ఒక ట్యూషన్ చూడండి. నెలకొకసారి బడికి వెళ్లి మాస్టార్లతో మాట్లాడండి, సరిగ్గా చెప్పకపోతే నిలదీయండి. మా రోజుల్లో అలా నిలదీసే తండ్రికి చదువు లేదు. ఇప్పుడు మీకుంది. పదో తరగతి ఏడాదిలో పిల్లాడు మీ దగ్గర లేకుండా తెచ్చుకునే పదో ఇరవయ్యో మార్కుల కంటే, మీ దగ్గర ఉండి చదువుకునే ఆ ఏడాదే వాడికి ఎక్కువ పనికొస్తుంది. ఈ మాట ఊళ్లో ఎవరడిగినా ఇలాగే చెబుతాను.